మేం మద్రాస్కి శేషు

నా మొదటి నవలకి ఆయువుపట్టు మూడే మూడు మాటలు. సినిమా కంపెనీ పంపిన మనిషి బయానా డబ్బు అరుగు మీద పెడితే, కూచిపూడి మేళం పెద్ద అది ముట్టుకోకుండా అంటాడు: "మేం మద్రాస్‌కి రాము." దీని కోసమే అంతకుముందు నూట నలభై పేజీలు రాశాను. అచ్చులో అది "మేం మద్రాస్కి శేషు" అని పడింది. ఒక కాపీలో కాదు, వెయ్యి కాపీల్లో.

మాది కూచిపూడే. నాకు అడుగు కూడా వేయడం రాదు. పామర్రులో ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాను. అయినా ఆ ఊళ్ళో పెరిగినవాడికి భాగవతుల కబుర్లు చెవిన పడకుండా ఉండవు. వేదాంతం రాఘవయ్య, పసుమర్తి కృష్ణమూర్తి, వెంపటి పెదసత్యం సినిమాల్లోకి వెళ్ళారు. వెంపటి చినసత్యం మద్రాసులోనే 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. వెళ్ళినవాళ్ళ గురించి బోలెడు రాశారు. వెళ్ళకుండా ఉండిపోయి, ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టే కాలం వచ్చాక చేతిలో వేషం లేకుండా మిగిలిన ఒక మగ సత్యభామ గురించి రాయాలని నాకు పట్టుకుంది.

రాత్రిళ్ళు ఫోన్‌లోనే టైప్ చేసి వారానికో భాగం ప్రతిలిపి యాప్‌లో పెట్టాను. చదివినవాళ్ళలో కొందరు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో హైదరాబాద్, విశాఖ వాళ్ళున్నారు, మస్కట్, డాలస్ వాళ్ళూ ఉన్నారు. ఎవరినీ కళ్ళతో చూడలేదు. వాళ్ళు చేసిన మేలు ముందు చెప్పాలి. అమెరికాలో పిల్లలకి నాట్యం నేర్పే ఒకావిడ, నేను "ముఖానికి పౌడరు" అని రాసిన చోటల్లా ఆగి, అప్పట్లో అరదళం పూసేవారు కదండీ అన్నారు. కాగడా మీద గుగ్గిలం చల్లితే మంట ఎలా లేస్తుందో, ఆ వెలుగులో పాత్ర ముఖం ఎలా కనిపిస్తుందో మరొకాయన వాళ్ళ తాతగారి మాటల్లో పంపారు. నా నవలలో ఒకతను ఊళ్ళోనే రైలెక్కేశాడు. కూచిపూడికి రైలెక్కడిది, బెజవాడ తీసుకెళ్ళి గ్రాండ్ ట్రంక్ ఎక్కించు బాబూ అని ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి సరిచేశారు. ఇవన్నీ నేను లైబ్రరీల చుట్టూ తిరిగినా దొరికేవి కావు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. భాగం పెట్టగానే వచ్చే హృదయం బొమ్మలకి అలవాటుపడ్డాను. నవలలో రామం చచ్చిపోకూడదన్నారు, చంపలేదు. చెల్లెలి పాత్ర పెంచమన్నారు, పెంచాను. మా మొవ్వ మండలంలోని కాజలో పుట్టినావిడే యద్దనపూడి సులోచనారాణి. ఆవిడ నవలల కోసం జనం వారపత్రిక ఎప్పుడొస్తుందా అని కొట్ల దగ్గర కాచుకునేవారని, ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవని మా అమ్మ చెప్పేది. నాకూ అదే జరుగుతోందనుకున్నాను. రచయితకీ ఉత్తరాలకీ మధ్య అప్పట్లో ఒక సంపాదకుడు కూర్చునేవాడన్న సంగతి నాకు తట్టలేదు.

పుస్తకం వేద్దామన్నది గ్రూపే. ఎడిటింగ్ మేమే చేస్తాం, ఎందుకు డబ్బు దండగ అన్నారు. నాకూ కావలసింది అదే. తలా మూడు అధ్యాయాలు పంచుకున్నారు. ఒకరు "వొచ్చాడు" అని నేను రాసినవన్నీ "వచ్చాడు" చేశారు, ఇంకొకరు తమ వంతులో "వచ్చెను" దాకా వెళ్ళారు. మేళం పెద్ద నాలుగో అధ్యాయంలో కృష్ణా జిల్లా మనిషి, ఏడో అధ్యాయంలో గ్రాంథికం మాట్లాడే పంతులు. మొత్తం కలిపి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా చదవలేదు.

ఇక అసలు గొడవ. పాత్రల పేర్లు రామం, రాము, రాఘవ, అన్నీ రకారంతోనే, చదివేవాళ్ళు తికమకపడుతున్నారు, రాముని శేషు చేద్దాం అన్నారెవరో. బాగుందన్నాను. ఫైల్‌లో ఒక్క నొక్కుతో "రాము" ఉన్న చోటల్లా "శేషు" చేసేశారు. తెలుగులో ఆ రెండక్షరాలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో ఎవరూ ఆలోచించలేదు. రాముడు శేషుడయ్యాడు. ఒక అధ్యాయంలో శేషుడు సీత కోసం అడవంతా ఏడుస్తూ తిరుగుతాడు. గ్రాములు కాస్తా నోరు తిరగని మాటలయ్యాయి. రానన్న మేళం పెద్ద కూడా అలాగే శేషు అయిపోయాడు.

దాని మీద ఫాంట్ల దెబ్బ. ఫోన్‌లో మనం టైప్ చేసేది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. అయినా మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. అను ఫాంట్లు యూనికోడ్ కంటే వేరే పద్ధతి, అందుకని ఫైల్‌ని మార్పిడి చేయాలి. మార్పిడిలో పొల్లు దగ్గర విడదీసే కనిపించని గుర్తు ఎగిరిపోయింది. "మద్రాస్‌కి" కాస్తా "మద్రాస్కి" అయి, సకారం కింద కకారం వేలాడింది. యూనికోడ్‌లోనే పేజీలు కట్టే ఇన్‌డిజైన్ ఉందని, సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. ఆ సిలికానాంధ్ర వాళ్ళ ఆసుపత్రి మా ఊళ్ళోనే ఉంది. రోజూ దాని ముందు నుంచే బస్సులో వెళ్తాను.

డీటీపీ అబ్బాయి మాత్రం అడిగాడు, "అన్నా, ప్రింటవుట్ తీసి ఇమ్మంటారా, ఒకసారి చూసుకుంటారా?" అని. విజయవాడ పుస్తక మహోత్సవం దగ్గర పడింది, అప్పటికి పుస్తకం బల్ల మీద ఉండాలి. పీడీఎఫ్ గ్రూపులో పెట్టాను. అరగంటలో అందరూ బొటనవేళ్ళు చూపించారు. వేసేయమన్నాను.

కాపీ తీసుకెళ్ళి మా వీధి చివర బాబాయిగారికి ఇచ్చాను. ఆయన చిన్నప్పుడు తెర పట్టినవారు. మర్నాడు పిలిచి, "ఒరే, ఈ శేషు ఎవడ్రా? రామాయణంలోనూ దూరాడు!" అన్నారు. నవ్వలేదాయన. తర్వాత నెమ్మదిగా, "ఆ రాము అన్న మాట బాగుందిరా, అదన్నా సరిగ్గా వేయాల్సింది" అన్నారు. అచ్చులో లేని మాటని ఆయన కథని బట్టి పట్టుకున్నారు. నాకు దొరికిన మొదటి పాఠకుడు ఆయనే.

అమ్మకాల సంగతి క్లుప్తంగా చెప్తాను. గ్రూపులో "నాకో కాపీ" అన్నవాళ్ళని లెక్కేసుకుని వెయ్యి వేశాను. ఆఫ్‌సెట్‌లో ఎక్కువ వేస్తే ఒక్కో కాపీ ఖర్చు తగ్గుతుంది, ఆ ఆశ ఒకటి. అడ్రసు అడిగేసరికి సగం మంది మౌనం. విదేశాల వాళ్ళకి పోస్టు ఖర్చు పుస్తకం ధరని మించింది. అట్టపెట్టెలు మా వడ్ల గదిలో ఉన్నాయి.

గ్రూపుని తప్పుపట్టను. వాళ్ళు స్నేహితులుగా చదివారు, స్నేహితుడి పని అదే. నేను వాళ్ళ చేత జీతంలేని సంపాదకుల పని చేయించుకుని, బాధ్యత ఇరవై మంది మీద చల్లేసి, నా మీద లేకుండా చూసుకున్నాను. పొగడ్త పోతుందేమోనన్న భయంతో కాగితం మీద చదవలేదు. తొందర అన్నది నేను పైకి చెప్పుకున్న సాకు.

ఇప్పుడు పత్రికలో ప్రూఫులు చూసి రిటైరైన ఒకాయనకి డబ్బిచ్చి మొత్తం చదివించాను. రామం ఈసారి చనిపోయాడు, చెల్లెలు పాత కొలతకి వచ్చింది. రెండో ముద్రణ డిజిటల్‌లో, అడిగినన్నే వేయిస్తాను. మొదటి ముద్రణ మీ దగ్గరుంటే కబురు చేయండి, కొత్తది నా ఖర్చుతో పంపుతాను. ఒకటి మాత్రం వెనక్కి రాదు. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి కాపీ పంపాలంటే బుద్ధిగా పంపాను. శేషు అక్కడ ఉన్నాడు.

ఇంకో మాట. ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని ఎవరైనా మిమ్మల్ని డబ్బడిగితే ఇవ్వకండి, నేను ఇచ్చాను. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఇంట్లో కూర్చునే పెట్టుకోవచ్చు.