లక్ష్మీదేవికి చీర కట్టింది ఎవరు?

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు నేత కార్మికుల ఇళ్ళు చాలా కనిపిస్తాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు. ఇంట్లోనో, సాంచాల షెడ్డులోనో గోడకి లక్ష్మీదేవి పటం ఉంటుంది. తామరపువ్వు మీద నిలబడ్డ దేవత, నాలుగు చేతులు, జరీ అంచు చీర, పక్కన ఏనుగు. ఈ రూపం ఎవరు గీశారని ఒక పెద్దాయన్ని అడిగాను. "అమ్మవారు ఎట్లుంటదో గట్లనే గీసిన్రు" అన్నాడు.

తామర, ఏనుగు పాతవే. రెండు వేల ఏళ్ళ నాటి భార్హుత్ శిల్పాల్లోనే గజలక్ష్మి ఉంది. కానీ మన ఇళ్ళలో కనిపించే ఆ ముఖం, ఆ చీరకట్టు అంత పాతవి కావు. వాటి వెనక ఉన్న మనిషి రాజా రవివర్మ. 1848లో కిలిమానూరులో పుట్టాడు, 1906లో చనిపోయాడు.

తిరువాన్కూరు కొలువుకి థియోడోర్ జెన్సెన్ అనే యూరోపియన్ చిత్రకారుడు వచ్చాడు. తైలవర్ణాల మెళకువలు నేర్పడానికి ఇష్టపడలేదు. ఆయన పని చేస్తుంటే చూసి, తర్వాత సొంతంగా ప్రయత్నించి రవివర్మ నేర్చుకున్నాడు. ఏ దేవతా వరమివ్వలేదు.

సూరత్ నుంచి రైల్లో రెండు గంటల దూరంలో బరోడా ఉంది. అక్కడి మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకి 14 పురాణ చిత్రాల పని అప్పగించాడు. పురాణ స్త్రీలకి ఏ బట్టలు వెయ్యాలి? అది ఏ గ్రంథమూ తేల్చలేదు. తమ్ముడు రాజరాజవర్మతో కలిసి దేశం తిరిగి, రకరకాల కట్టుబొట్లు చూసి, చివరికి చీర ఖాయం చేశాడు. అంటే దేవతలకి చీర కట్టింది ఒక చిత్రకారుడి నిర్ణయం!

1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. యంత్రాలు జర్మనీవి, నిపుణులూ జర్మన్లే. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అద్దేవారు. రెండేళ్ళకే బొంబాయికి ప్లేగు వచ్చింది, వ్యాపారం దెబ్బతింది. ప్రెస్సుని లోనావాలా దగ్గరికి మార్చారు. చివరికి అప్పులతో ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్‌కి అమ్మేశారు. లక్షల ఇళ్ళకి లక్ష్మిని పంపినవాడికి లక్ష్మి కటాక్షం దక్కలేదు!

అయితే హేతువాదులం ఇక్కడ నవ్వేసి ఊరుకోకూడదు. రవివర్మ సొంత తిరువాన్కూరులో కింది కులాలవారికి ఆలయ ప్రవేశం దొరికింది 1936లో. అంతకు 42 ఏళ్ళ ముందే ఆ ప్రెస్సు పని మొదలుపెట్టింది. గుడి గడప తొక్కనివ్వని మనిషి కూడా పటం కొని గోడకి తగిలించుకోగలిగాడు. పూజారి అనుమతి అక్కర్లేదు. నమ్మకాన్ని పెంచింది ఆ అచ్చుపటమే, పెత్తనాన్ని కొంత తగ్గించిందీ అదే. రెండూ నిజాలే.

పటం తీసెయ్యమని ఆ పెద్దాయనకి నేను చెప్పను. రవివర్మ కథ చెప్తాను. పగలూ రాత్రీ చీరలు నేసే మనిషికి, ఆ చీర కూడా ఒక మనిషి పనే అని అర్థం కావడం కష్టమేమీ కాదు. నేసిన చీర మీద తన పేరు ఎందుకు ఉండదో ఆయనకి బాగా తెలుసు. దేవుడి పటం మీద గీసినవాడి పేరు ఎందుకు మరుగున పడిందో కూడా అక్కడి నుంచే ఆలోచించవచ్చు.