లుక్లా దారిలో రాసిన ఉత్తరాలు

మంథలి, నేపాల్

నాన్నా,

క్షేమంగా చేరాను. ఖాట్మండులో అర్ధరాత్రి దాటాక జీపెక్కితే, 130 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు దాటేసరికి తెల్లారింది. సీజన్‌లో ఖాట్మండు విమానాశ్రయం కిటకిటలాడుతుందని, ఎవరెస్టు దారిలోని లుక్లాకి వెళ్లే విమానాల్ని చాలావరకు ఇక్కడి నుంచే నడుపుతున్నారు. తామాకోశి నది ఒడ్డున చిన్న రన్‌వే, దగ్గర్లో టీ కొట్లు, అంతే. ఎత్తు 474 మీటర్లే కాబట్టి పొద్దున్నే ఉక్కపోత.

నువ్వు బస్సు నడిపే రోజుల్లో ఏ ఊరు ఎంత దూరమని ఎవరడిగినా గంటల్లోనే చెప్పేవాడివి. ఇక్కడ ఆ లెక్క ఒక పట్టాన తేలదు. మ్యాపు మీద గీత గీసి కొలిస్తే లుక్లా 70 కిలోమీటర్ల పైచిలుకు. విమానంలో సుమారు 20 నిమిషాలు. జిరిలో బస్సు దిగి నడిస్తే దాదాపు వారం. మబ్బు పట్టిందా, ఎప్పుడు చేరతామో ఎవరూ చెప్పలేరు. పైలట్ రన్‌వేని కళ్లతో చూసి దిగాల్సిందే. మధ్యాహ్నానికి గాలి రేగుతుంది, లోయలు మూసుకుపోతాయి. అందుకే హడావుడంతా పొద్దున పూటే. నా పక్కన కూర్చున్న షెర్పా పెద్దావిడ నిన్నటి నుంచీ ఎదురుచూస్తోంది. ముఖంలో విసుగన్నది లేదు.

లుక్లా

నాన్నా,

వచ్చేశాను. 2,800 మీటర్ల పైన ఉన్నాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లే. ఒక కొసన లోయ, రెండో కొసన కొండ. దాదాపు 12 శాతం వాలు. దిగే విమానానికి ఆ ఎగువే బ్రేకు, లేచే విమానానికి ఆ పల్లమే ఊపు. ఎడ్మండ్ హిల్లరీ 1964లో షెర్పాలతో కలిసి దీన్ని వేయించాడు. పైనున్న కుండే ఊళ్లో ఆసుపత్రి కట్టడానికి సామాను రావాలి మరి. మట్టి గట్టిపడాలని షెర్పాలు వరసగా నిలబడి ఆడుతూ తొక్కారట. 2001 దాకా ఇది మట్టి రన్‌వేనే.

బజార్లో ఒక భరియాని చూశాను. బరువులు మోసేవాళ్లని ఇక్కడ అలా అంటారు. వీపున డోకో బుట్ట, అందులో బియ్యం బస్తా, దానిపైన గ్యాస్ బండ. ఆ బరువునంతా నుదుటి మీద పట్టీ లాగి పట్టుకుంది. అలుపొచ్చినా బుట్ట దించలేదు. చేతిలోని పొట్టి కర్రని దాని అడుగున ఆన్చి, నిలబడే ఊపిరి తీసుకున్నాడు. దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. పైనున్న నాంచే ఊరు ఎంత దూరమని అడిగాను. "బరువుంటే రెండు రోజులు, లేకపోతే ఒకటి" అన్నాడు.

దూరం గురించి ఇంతకన్నా నిజమైన మాట నేను వినలేదు, నాన్నా. విమానంలో రానివన్నీ కంచరగాడిదల మీదా, మనుషుల వీపుల మీదా రావాల్సిందే. పైకి పోయేకొద్దీ పప్పూ అన్నం ధర పెరుగుతుందంటే, అది మోసినవాడి కష్టానికి కట్టే ధర. దాన్ని బేరమాడకూడదని నిశ్చయించుకున్నాను.

తిరుగు టికెట్ తీసుకోలేదు. నాంచే చూసొచ్చి, 3,500 మీటర్ల ఎత్తున్న లాంజురా కనుమ దాటి జిరి దాకా నడుస్తాను. 1953లో ఎవరెస్టు ఎక్కినవాళ్లు ఖాట్మండు లోయ నుంచీ నడిచే వచ్చారు. 20 నిమిషాల్లో దాటేసిన దూరం ఎంతదో నా కాళ్లకీ తెలియాలి. దారిలో ఫోన్ అందకపోవచ్చు, అమ్మని కంగారు పడొద్దని చెప్పు. జిరిలో బస్సెక్కగానే ఫోన్ చేస్తాను.