విమాన పరిచారికల పరిభాష

ప్రతి వృత్తికిని తనదియైన యొక భాష కలదు. సేద్యగాడు కాడి, మేడి, కర్రు అను నపుడును, నేతగాడు పడుగు, పేక, నాడె అను నపుడును, ఆ పని యెఱుగని వానికి ఆ మాటలు తెనుగే యయ్యును సగము తెలియవు. అవి పండితులు కూర్చి యిచ్చినవి కావు, చేతిపనినుండి పుట్టినవి. ఆకాశమున ప్రయాణికులకు తోడుగా నుండు పరిచారకులకును, పరిచారికలకును ఇట్టి భాష యొకటి కలదు. మన పాఠశాలనుండి ఆ కొలువునకు పోదలచు బాలబాలికలకు ఉపయోగపడునను తలంపుతో దాని మొదటి పాఠము నిచ్చట వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా పూర్వవిద్యార్థిని యొకతె, నేతపని వారి బిడ్డ, మమ్ము చూడవచ్చెను. ఒక విమానసంస్థవా రామెను కాబిన్ క్రూ శిక్షణకు ఎన్నుకొనిరి. ఆమె చేతిలోని నోటుబుక్కునందు నూటికి పైగా ఆంగ్లపదములు వ్రాసియుండెను.

"మాస్టారూ! ఈ మాటలు నాకు పట్టుబడుట లేదండీ. నాతో చేరువారందఱును పట్టణములలో ఇంగ్లీషు మీడియములో చదివినవారు. మానుకొందునా అనిపించుచున్నది" అని కన్నీరు పెట్టుకొనెను.

"అమ్మా, మీ నాయనగారు మగ్గముకడ పలుకు మాటలు నీ వెన్ని యెఱుగుదువు?" అని యడిగితిమి. ఆమె తడుముకొనక వరుసగా చెప్పసాగెను. వానిని నీ కెవరు నేర్పిరనగా, "ఎవరును నేర్పలేదండీ. ప్రక్కన నుండి చూచుచు, అందించుచు నేర్చుకొంటిని" అనెను.

"ఇవియు నట్లే రావలెను" అంటిమి. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ట్రైనింగు కళాశాలలో మేము నేర్చిన మొదటి సూత్రము. ఆ సూత్రము ననుసరించి మా తరగతిగదిలోని బల్లల నటునిటు త్రోసి, నడుమ దారి విడిచి, గోడలపై సుద్దముక్కతో తలుపులు గీచి, సెలవులకు ఊర నున్న పిల్లలను కూర్చుండబెట్టి యొక విమానమును కట్టితిమి.

మొదట చోటుల పేర్లు. ప్రయాణికులు కూర్చుండు భాగము కాబిను. వరుసల నడుమ దారి ఐల్. వంట వేడిచేసి అందించు చోటు గేలీ. అడ్డుగోడ బల్క్‌హెడ్. విమానచోదకుల గది కాక్‌పిట్. పరిచారికలు విమానము లేచునపుడును, దిగునపుడును నడుము బిగించుకొని కూర్చుండు మడతపీట జంప్‌సీటు. వెనుకభాగము ఆఫ్ట్. వీనిలో గేలీ, బల్క్‌హెడ్, ఆఫ్ట్ మొదలగునవి ఓడలనుండి వచ్చిన మాటలు. కెప్టెనును, పరిచారకులలో పెద్దయగు పర్సరును ఓడనుండి వచ్చినవారే. సముద్రమున తిరిగిన మాటలు రెక్కలు కట్టుకొని ఆకాశమున కెక్కినవని చెప్పగా పిల్లలు ముచ్చటపడిరి. వరుసకు సంఖ్యయు, సీటుకు అక్షరమును గుర్తులు. పెద్ద విమానములలో ఐ అను అక్షరమును సాధారణముగా విడిచిపెట్టుదురు. అది ఒకటి అంకెవలె కనబడుటయే కారణము. చూచితిరా! ఒక్క అక్షరమువలన కలుగు గందరగోళమును సయితము ముందుగానే తొలగించుకొన్నారు.

తరువాత కదలికల పేర్లు. చక్రములకు అడ్డుపెట్టు దిమ్మెలు చాక్స్. వానిని తీసిన పిమ్మట విమానమును బండితో వెనుకకు నెట్టుట పుష్‌బ్యాక్. నేలపై తన బలముతో నడచుట టాక్సీ. ఒక ప్రయాణము ముగిసి మఱొకదానికి సిద్ధపడు నడిమి కాలము టర్న్‌అరౌండ్. పొరుగూర రాత్రి నిలుచుట లేఓవర్. పని చేయక, వేఱొకచోట పనిలో చేరుటకై ప్రయాణికునివలె కూర్చుండి పోవుట డెడ్‌హెడింగు. తోడు లేక ప్రయాణించు బిడ్డను అన్‌అకంపెనీడ్ మైనరందురు. ఆ బిడ్డను అప్పగించుకొన్న చేతులు మరల అప్పగించువఱకు విడువరాదు. విమానయానమున కాలమునకు జూలూ కాలమని పేరు. అది మన కాలమునకు 5½ గంటలు వెనుక. హైదరాబాదులో ఉదయము 6 గంటలకు బయలుదేరు విమానము జూలూ కాలమున 0 గంటల 30 నిమిషములకు బయలుదేరినట్లు. ఊళ్లకును మూడక్షరముల పొట్టిపేర్లు కలవు. విశాఖపట్టణము వీ టీ జెడ్, విజయవాడ వీ జీ ఏ. చెవికి బీ, డీ, పీ, టీ యొక్కటిగనే వినబడును గనుక అక్షరములను బ్రావో, డెల్టా, పాపా, టాంగో అని పలుకుదురు. 1956లో ఈ అక్షరమాల నేటి రూపమున స్థిరపడినది.

ఇంతవఱకు ఆమె ఒక్క పూటలో నేర్చినది. అసలు పాఠము తలుపుకడ నున్నది. విమానపు తలుపునందు మడచి పెట్టిన జారుడుబల్ల యొకటి యుండును. అది గాలితో క్షణములలో ఉబ్బి నేలకు దిగును. తలుపు తెఱచినంతనే అది తనంత తాను విచ్చుకొనునట్లు చేయుట ఆర్మ్. అట్లు జరుగకుండ చేయుట డిస్‌ఆర్మ్. పుష్‌బ్యాక్ సమయమున ఆర్మ్ చేయుదురు. గమ్యము చేరి నిలిచినపుడు డిస్‌ఆర్మ్ చేయుదురు. పిమ్మట క్రాస్‌చెక్ అను మాట వినబడును. నీ తలుపును నీవు చూచుకొనిన చాలదు, ఎదుటివారి తలుపును సయితము చూడవలె ననుట దాని యర్థము. డిస్‌ఆర్మ్ మఱచి తలుపు తీసినచో బయట నిలిచినవారికి గాయములు తగులవచ్చును. ఆర్మ్ మఱచినచో అగ్ని చెలరేగిన వేళ తప్పించుకొను దారియే యుండదు. రెండు మాటలకును వ్యత్యాసము ఒక్క యుపసర్గ. దాని వెనుక ప్రాణములు. సగము తలుపులు మాత్రమే వాడి 90 సెకనులలో నిండు విమానమును ఖాళీ చేయవచ్చునని నిర్మాతలు ముందుగా చూపవలెనను నిబంధన కలదు. ఆ 90 సెకనులలో నిఘంటువు వెదకుట కెవరికిని తీరిక యుండదు.

మాట తప్పుగా అర్థమైన నేమగునో లోకము 1977 మార్చి 27వ తేదీన చూచినది. కానరీ ద్వీపములలోని టెనెరిఫె విమానాశ్రయమున దట్టమైన పొగమంచు క్రమ్మియుండెను. ఒకే రన్‌వేపై రెండు పెద్ద విమానము లుండెను, ఒకటి కె.ఎల్.ఎం. వారిది, రెండవది పాన్ అమెరికను వారిది. ఎగురుటకు అనుమతి యింకను రాలేదు. కె.ఎల్.ఎం. చోదకులు తాము టేకాఫ్‌లో ఉన్నామని రేడియోలో పలికిరి. ఎగురుటకు సిద్ధముగా నిలిచియున్నారని నియంత్రణాధికారి తలచెను. కాని విమాన మప్పటికే పరుగిడుచుండెను. రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి. ఆ పిమ్మట టేకాఫ్ అను మాటను ఎగురుట కనుమతి నిచ్చునపుడో, ఇచ్చినదానిని రద్దు చేయునపుడో తప్ప వాడరాదనియు, తక్కిన వేళల డిపార్చర్ అనవలెననియు నియమ మేర్పడెను. ఒక పనికి ఒక మాట, ఒక మాటకు ఒక పని: ఈ నియమము అంత వెలకు కొన్నది.

మాట సరిగా పలికిన నేమగునో 2024 జనవరి 2వ తేదీన టోక్యోలోని హనేడా విమానాశ్రయమున కనబడినది. దిగుచున్న జపాన్ ఎయిర్‌లైన్సు విమానము రన్‌వేపై నున్న తీరరక్షకదళపు చిన్న విమానమును ఢీకొని మండసాగెను. ఆ చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయిరి. పెద్ద విమానమున 379 మంది యుండిరి. ప్రకటనలు చేయు యంత్రము పాడయ్యెను. ఎనిమిది తలుపులలో మూడు మాత్రమే వాడదగియుండెను. పరిచారికలు మెగాఫోనులతోడను, కంఠములతోడను కేకవేసి, దారి చూపి, ఆ 379 మందిని ప్రాణములతో వెలుపలికి పంపిరి. యంత్రము మూగవోయిన వేళ మిగిలినది మనుష్యుని నోటిలోని పొట్టిమాట యొక్కటే.

ఈ రెండు కథలు విన్న పిమ్మట మా విద్యార్థిని మెల్లగా పలుకుట మానినది. సుద్దతో గీచిన తలుపుకడ నిలిచి, "సామానులు విడువుడు! ఇటు రండు! దుముకుడు!" అని ఆంగ్లమునను, తెనుగునను కేక పెట్టగా బల్లలపై నున్న పిల్లలు నిజముగా లేచి పరుగిడిరి. ఆమె శిక్షణకు పోయినది. అచ్చట పట్టణపు పిల్లలును ఈ మాటలకు క్రొత్తవారే యని యొక జాబులో వ్రాసినది.

విద్యార్థులారా! ఇందుండి మీరు గ్రహింపవలసినది స్వల్పమే. తెలియని మాటల పట్టికను చూచి భయపడకుడు. ప్రతి మాటకు వెనుక ఒక వస్తువో, ఒక పనియో యుండును. దానిని తాకి చూడుడు, చేసి చూడుడు. మాట తానే వచ్చును. పని రాక మాట మాత్రమే వచ్చినవాడు చిలుక. పనితో మాటను నేర్చినవాడు పనివాడు. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దలు చెప్పుదురు. మీరు ఏ వృత్తికి పోయినను, అర్థము తెలిసి, వేళ యెఱిగి, స్పష్టముగ పలుకు మాటను మీవెంట తీసికొనిపొండు. మీ యెదుట కూర్చున్నవారు మీ పేరు నెఱుగకపోవచ్చును. మీ మాటను నమ్మియే లేచి నడచెదరు.