లాంగ్‌బుక్‌లో 34 మంది

మా పిన్ని ఉద్దానంలో చిన్న సేవా సంఘం నడుపుతోంది. కిడ్నీ జబ్బున్నవాళ్లని ఆటోలో డయాలసిస్‌కి తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపడమే వాళ్ల పని. వైద్యం ఉచితమే అయినా ఆటో డబ్బుల్లేక మానేసేవాళ్లున్నారు మరి.

"కంప్యూటర్ చదివావు కదరా, ఏదైనా గ్రాంటు చూడు" అంది. ఒక్క శనివారం చాలనుకున్నా. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. డబ్బయితే ఉంది. అది తీసుకోవాలంటే సంఘానికి 12ఏ, 80జీ ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 నమోదు కూడా కావాలి. పిన్ని దగ్గరున్నవి రిజిస్ట్రేషన్ కాగితం, ఒక లాంగ్‌బుక్.

ఆడిటర్ చుట్టూ తిరగడానికే ఏడు నెలలు పట్టింది. మధ్యలో లెక్కల శిక్షణ ఉందంటే పిన్నిని విశాఖ పంపాను. రెండు రోజులూ ఇంగ్లిష్ స్లైడ్లేనట! వోచర్ రాయడం మాత్రం పక్కన కూర్చున్నావిడ నేర్పిందట.

చివరికి దరఖాస్తులో 'లబ్ధిదారుల సంఖ్య' దగ్గర ఆగాం. ఉన్నది 34 మంది. "అంత పెద్ద కంపెనీకి 34 ఏం ఆనుతుంది? 300 వేద్దాం, అందరూ అలాగే రాస్తారు" అన్నా. సిగ్గుపడకుండానే అన్నా. పిన్ని లాంగ్‌బుక్ తెరిచి పేర్లన్నీ చదివింది. "మిగతా పేర్లేటో నువ్వు చెప్పు, రాసుకుంటాను" అంది.

34 అనే పంపాం. జవాబు ఇంకా రాలేదు. మొన్న ఫోన్ చేస్తే ఒకాయన పోయారంది. 33గా మార్చమంటోంది. సబ్మిట్ చేశాక మార్చడం కుదరదంటే వినదే.