పంది ఎవరిది?

మా అల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. మొన్న ఫోన్లో, "ఊరి శివార్లో పదెకరాలు కొందామనుకుంటున్నాం అత్తయ్యగారూ" అన్నాడు. సేద్యం చేస్తాడు కాబోలని మురిసిపోయాను. "అబ్బే, బాణాలతో వేటాడుకోవడానికండీ!" అన్నాడు.

అక్కడి చట్టం ప్రకారం శివారు భూముల్లో 10 ఎకరాలూ ఆపైన ఉండి, పక్కవాళ్ల ఇంటికి 150 అడుగుల కన్నా దూరంలో, తన గట్టు దాటకుండా బాణం వేసుకుంటే మునిసిపాలిటీ అడ్డు చెప్పకూడదట. రైఫిలుకైతే 50 ఎకరాలు కావాలట. వేటకి లైసెన్సు వేరే.

పదెకరాలనగానే నాకు మన 1973 భూపరిమితి చట్టం గుర్తొచ్చింది. మాగాణి అయితే నేల రకాన్నిబట్టి కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు మించరాదన్నారు. ఇక్కడ మించకూడని పదెకరాలు అక్కడ తగ్గకూడనివి అయ్యాయన్నమాట!

మరి మన దగ్గర ఎంత పొలముంటే వేటాడొచ్చు? మా తమ్ముడికిది సరదా ప్రశ్న కాదు. మైలవరం దగ్గర వాడి రెండెకరాల మొక్కజొన్నని పోయినేడు అడవిపందులు ఒక్క రాత్రిలో నేలమట్టం చేశాయి. "చుట్టూ కరెంటు తీగ కడతానక్కా" అన్నాడు. నా గుండె గుభేలుమంది. వచ్చింది పందో మనిషో తీగకి తెలుస్తుందా? అలాంటి తీగలకి ప్రాణాలు పోయిన వాళ్ల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాం. పైగా తెల్లవారుజామున చేలోకి వెళ్లేది మా మరదలే.

మన 1972 వన్యప్రాణి చట్టం ఎకరాలు లెక్కపెట్టదు. రెండైనా ఇరవై అయినా, మన చేలో మేసినంత మాత్రాన పంది మనది కాదు. పంట పాడుచేస్తుంటే అటవీశాఖకి అర్జీ పెట్టుకోవాలి. అనుమతి కాగితం వస్తేనే చంపాలి. చంపాక కూడా అది సర్కారు సొత్తే, కూరకి రాదు!

పూర్వం ఒకే పందిని అర్జునుడూ, కిరాతుడి వేషంలో శివుడూ కొట్టి, నాదంటే నాదని తగువులాడింది మన బెజవాడ ఇంద్రకీలాద్రి మీదేనని చెప్పుకుంటాం కదా. ఈ చట్టం అప్పుడే ఉంటే ఇద్దరి చేతా పందిని అక్కడ పెట్టించి పంపేవారు!

ఆ మాటకి తమ్ముడు నవ్వాడు. నవ్వాక, మెల్లగా అర్జీ రాశాడు. ఈ ఏడు తీగ కట్టలేదు. మంచె మీద కూచుని రాత్రంతా డబ్బా వాయిస్తున్నాడు.

"ఆయనకి నిద్ర చాలడం లేదు వదినా" అంది మరదలు ఫోన్లో. "కానీ, తెల్లారి చేలో అడుగుపెట్టాలంటే నాకు భయం లేదు."