తాడ్వాయి బడిలో నీడ కొలిచిన దినము

తాడ్వాయి యనగానే మేడారము త్రోవలోని ములుగుసీమ గ్రామమే పలువురకు స్ఫురించును. నేను వ్రాయునది కామారెడ్డికి పడమటి దిక్కున, ఎల్లారెడ్డి ప్రాంతమునకు చేరువగా నున్న మఱియొక తాడ్వాయిని గూర్చి. చుట్టును వరిమళ్లు, మొక్కజొన్న చేలు. పట్టణమునుండి వచ్చువారికి ఇచ్చట చూడదగిన దేమియు లేదని తోచవచ్చును. ఆకాశము మాత్రము విశాలము, ఎండ నిర్మలము. ఒకనాడు మాకు అవియే అక్కఱకు వచ్చినవి.

ఫిబ్రవరి 28వ తేది జాతీయ విజ్ఞాన దినము. 1928లో ఆనాడే చంద్రశేఖర వేంకటరామన్ గారు తమ పేరిట ప్రసిద్ధమైన కాంతి విశేషమును కనుగొనిరి. ఆ దినమున పొరుగూరి బాలబాలికలు ముప్పదిమంది మా బడిని చూడ వచ్చుచుండిరి. వారికి చూపవలసిన పరికరముల పెట్టె రాలేదని ఉదయము 8 గంటలకు తెలిసెను. "మన బడిలో ఏమియు లేదని నవ్వుదురేమో" యని మా బాలికల ముఖములు చిన్నవోయినవి. మావారు నావంక చూచి, "మామగారు నీకు చెప్పిన శంకుచ్ఛాయ జ్ఞాపకమున్నదా?" యనిరి.

సూర్యసిద్ధాంతమున చెప్పిన విధము సులభము. నీటితో మట్టము చూచిన తలమున వృత్తము గీచి, నడుమ 12 అంగుళముల శంకువు నిలుపవలెను. పూర్వాహ్ణమున నీడకొన వృత్తమును తాకిన చోటును, అపరాహ్ణమున మరల తాకిన చోటును కలిపిన గీత తూర్పుపడమరలను చూపును. కావలసిన వన్నియు ఇంటనే దొరికినవి: సన్నని కఱ్ఱ, దారము, కఱ్ఱ నిలువు చూచుటకు దారమునకు కట్టిన తాళపుచెవి, నీళ్ల పళ్లెము, ముగ్గుపిండి. ఎనిమిదంగుళముల దారముతో వృత్తమును మా యూరి బాలికయే గీచినది. ముగ్గు వేసి అలవడిన చేయి వణకలేదు. అతిథి బాలికలు ఆమె చుట్టు మూగిరి.

11 గంటలకు నీడకొన వృత్తమును తాకెను. 12 గంటలైనను నీడ ఇంకను కుఱుచ యగుచునే యుండెను. "గడియారముది తప్పా, సూర్యునిది తప్పా?" యని వచ్చిన పిల్ల యొకతె అడిగెను. ఎవరిదియు తప్పు కాదు. మన దేశపు గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచును. తాడ్వాయి దానికి నాలుగు డిగ్రీలకు పైగా పడమర. అందుచే సుమారు 17 నిమిషముల ఆలస్యము. భూమి సూర్యుని చుట్టు తిరుగు గతియు, దాని యిరుసు వంపును కారణముగా ఆ దినములలో మఱి 12, 13 నిమిషములు చేరును. పండ్రెండున్నరకు నీడ ఇంచుమించు 6 అంగుళములకు దిగి, పిదప పెరుగసాగెను. భోజనానంతరము 2 గంటలకు మరల వృత్తమును తాకెను. రెండు గుర్తులను దారముతో కలుపగా తూర్పుపడమరలు తేలినవి. ఇరు బడుల పిల్లలును కలసి చప్పట్లు చఱచిరి.

సోదరీమణులారా! మార్చి నెలలో పగలు రేయి సమమగు దినమున మా యూర ఈ నీడ 4 అంగుళములు. మే నెల నడుమను, జూలై కడపటను ఒక్కొక్కనాడు నడిమింట సూర్యుడు నడినెత్తికి వచ్చి కఱ్ఱకు నీడయే యుండదు. మీ యూరి అక్షాంశమును బట్టి ఆ దినము మాఱును. మీ పెరటిలోనే చూడవచ్చును, కాసు ఖర్చు లేదు. ఆనాడు ఆడపిల్లను వంటింటి పనికి పిలువక గడియసేపు విడిచిపెట్టుడు. కఱ్ఱయు, దారమును మొదట ఆమె చేతికే యిండు.