పేరు లేని గడియారం



జీవితమంతా సుద్దముక్క పట్టిన చేత్తో, అరవై ఏడవ ఏట పట్టుకారు పట్టి గడియారం బిగించానంటే నవ్వుకుంటారేమో. నవ్వినా సరే, ఈ ముచ్చట చెప్పుకోక తప్పదు.

2018లో నేను ఉద్యోగ విరమణ చేసిన నాడు తోటి ఉపాధ్యాయులు శాలువా కప్పి, ఒక చేతిగడియారం బహూకరించారు. నల్లని డయలు, అంకెలకు బదులు తెల్లని చుక్కలు, చుట్టూ తిరిగే వలయం, పన్నెండు స్థానం క్రింద కిరీటం గుర్తు, దాని క్రింద రోలెక్స్ అనే పేరు. మా అల్లుడు చూసి, "అసలుదేనా మామయ్యగారూ?" అన్నాడు. "మావాళ్ళు నకిలీది ఇస్తారటయ్యా!" అని కసిరాను. పెళ్ళిళ్ళకూ సభలకూ చొక్కా చేతులు పైకి మడుచుకుని మరీ వెళ్ళాను.

2021లో అది ఆగిపోయింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన మూత విప్పి, నావంక చూడకుండానే, "పంతులుగారూ, ఇది నకిలీదండి. బాగుచేయడం దండుగ" అన్నాడు. పారవేయడానికి మనసొప్పలేదు. ఎవరైనా అడిగితే "బీరువాలో భద్రంగా ఉంది" అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే.

గత వేసవిలో సెలవులకు వచ్చిన మనుమడు, గడియారం భాగాలు విడివిడిగా దొరుకుతాయనీ, ఇంట్లోనే కూర్చుకోవచ్చుననీ చెప్పాడు. బీరువాలోని దానికి మాతృక రోలెక్స్ వారి సబ్‌మెరైనర్. 1953లో నీట మునిగి పనిచేసేవారి కోసం పుట్టింది. మునిగి ఎంతసేపయిందో చూసుకోవడానికే ఆ వలయం. ఇప్పటివాటిలో అది ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున కదిలినా గడిచిన కాలాన్ని ఎక్కువగా చూపుతుందే గాని తక్కువగా చూపదు. నీటిలో ఉన్నవాడికి అది ప్రాణరక్ష. అసలుది కొనాలంటే లక్షలు కావాలి. మాకు మొత్తం అయింది తొమ్మిది వేలు. సీకో వారి ఎన్‌హెచ్ 35 మిషను 3,500, ఉక్కు కేసు 3,000, డయలు, ముళ్ళు 1,600, పనిముట్లు 900.

డయలు దగ్గరే పేచీ వచ్చింది. కిరీటమూ పేరూ ఉన్నదీ, ఏమీ లేనిదీ, రెండూ ఒకే ధరకు దొరుకుతున్నాయి. "పేరున్నదే తెప్పిద్దాం తాతయ్యా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మనవడు. "బీరువాలో ఉన్నదానికి తెలుస్తుంది" అన్నాను. కాపీ కొట్టారని ఎందరు పిల్లలను బెంచీ ఎక్కించిన చేయి ఇది! రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఒకరి శబ్దాన్నీ అర్థాన్నీ మరొకరు గ్రహించడం గురించి విస్తారంగా చర్చించాడు. పెద్దల పోకడ నేర్చుకోవడం వేరు, వారి ముద్రను మన వ్రాతపై వేసుకోవడం వేరు. 1961లో మన హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టారు. విద్య వారివద్ద నేర్చినా, డయలు మీద వేసుకున్నది తమ పేరే. అందుకే పేరు లేనిదే తెప్పించాను.

ఇక కూర్పు. ఫ్యాను ఆపి, దుమ్ము పడకుండా తలుపులు వేసి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాం. తారీఖు మారే క్షణం వచ్చేదాకా కీ త్రిప్పి, అప్పుడు గంటల ముల్లునూ నిమిషాల ముల్లునూ పన్నెండు మీద నిలపాలి. సెకన్ల ముల్లు రంధ్రం మిల్లీమీటరులో ఐదవ వంతు. దానిని కూర్చోబెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. కీ తాలూకు ఉక్కుపుల్లను కేసుకు తగినట్లు కొద్దికొద్దిగా కత్తిరించాలి. నేను తొందరపడి ఒక్కసారే కత్తిరించాను. పొట్టిదైపోయింది. మరొకటి వచ్చేదాకా వారం రోజులు ఆగవలసి వచ్చింది. ఛందస్సులో అయితే ఒక లఘువు చేర్చి సరిపెట్టేవాణ్ణి!

కీ ఇవ్వగానే అది నడిచింది. ఈ మిషను గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుందని మనవడు చెప్పగానే నా ఒళ్ళు పులకరించింది. మనిషి ఒక అహోరాత్రంలో తీసే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు 21,600 అని మన పెద్దల లెక్క. అరవై గడియల రోజులో గడియకు మూడు వందల అరవై. మన రోజంతటి ఊపిరినీ ఇది ఒక్క గంటలో తీస్తోంది.

మొన్న లెక్కల మాస్టారు వచ్చారు. ఆనాడు చందాలు పోగుచేసినది ఆయనే. నా చేతివంక చూసి, "మేమిచ్చిందేనా? పేరేదీ?" అన్నారు. ఇక దాచలేకపోయాను. బీరువా తెరిచి పాతది తెచ్చి ముందు పెట్టి, "మీరు మోసపోయారు మాస్టారూ. బాధపడతారని చెప్పలేదు" అన్నాను.

ఆయన తెల్లబోయి, ఆపైన పకపకా నవ్వారు. "పోగైనది నాలుగున్నర వేలు పంతులుగారూ! దానికి అసలుది ఎలా వస్తుంది? దుకాణంవాడు చెప్పే ఇచ్చాడు. మీకూ తెలుసుననుకున్నాం. మీరు అంత ముచ్చటగా పెట్టుకుంటూంటే చెప్పడానికి మాకే నోరు రాలేదు."

వారి పరువు కాపాడుతున్నానని ఇన్నేళ్ళూ నేననుకున్నాను. నిజానికి నా పరువునే వారు కాపాడారు. నేను బీరువాలో దాచింది గడియారాన్ని కాదు, అల్లుడి ముందు నేనన్న మాటను. ఆ సాయంత్రమే అతనికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. "నాకప్పుడే తెలుసు మామయ్యగారూ" అన్నాడు, మెల్లగా.

పేరు లేని నా గడియారం రోజుకు పన్నెండు సెకన్లు ముందుకు పోతోంది. ఐదు రోజులకు ఒక నిమిషమని లెక్కల మాస్టారు వెంటనే తేల్చారు. ఆకాశవాణి వార్తలు మొదలయ్యే వేళకు చూసుకుని సరిచేసుకుంటున్నాను.